ఇంట్లో అప్పుల గొడవ, బడిలో పిల్లలు: కొత్త టీచర్లకు కొన్ని మాటలు

మెగా డీఎస్సీలో సెలెక్టయి మా వైపు పోస్టింగ్ వచ్చిన టీచర్లు నన్ను తరచుగా అడిగే మాట ఒకటుంది. "మేడం, పిల్లలు ఇంట్లో సంగతులు చెప్పి ఏడుస్తున్నారు. వాళ్ళ అప్పులు మనం తీర్చలేం కదా, మరి ఏం చెయ్యాలి?" తీర్చలేం. తీర్చడం మన పనీ కాదు. చెయ్యాల్సింది మాత్రం చాలా ఉంది.

నేను కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో, జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. కోసిగి, మంత్రాలయం, ఆదోని చుట్టుపక్కల పల్లెల్లో వాన మొహం చాటేసిందంటే దసరా దాటేసరికి వీధికి నాలుగిళ్ళకు తాళాలు పడతాయి. గుంటూరు వైపు పత్తి తీయడానికి, ఆ తర్వాత మిరపకాయ కోతలకు, లేకుంటే బెంగళూరులో బిల్డింగ్ పనులకు వలస పోతారు. మా వైపు దీన్నే సుగ్గికి పోవడం అంటారు. ఉన్నవాళ్ళకు గ్రూపు లోన్లు, అంగడి బాకీలు, నూటికి మూడు రూపాయల వడ్డీ అప్పులు. ఇవన్నీ పిల్లలకు కొత్త కాదు. ఇంట్లో లేమిని వాళ్ళు మనం అనుకున్నదానికంటే బాగానే తట్టుకుంటారు. తట్టుకోలేనిది అది క్లాసులో నలుగురి ముందు బయటపడటం. ఇంటి సంగతి మన చేతిలో లేదు గానీ, ఈ బయటపడటం అనేది దాదాపు అంతా మన చేతిలోనే ఉంది. నేను చెప్పేదంతా దాని చుట్టూనే ఉంటుంది.

ముందు హాజరు పట్టీ తిరగెయ్యండి

ఎవరు ఎన్ని రోజులు రాలేదు అన్నది కాదు, వారంలో ఏ రోజు రాలేదు అన్నది చూడండి. మా వీధుల్లో ఫైనాన్స్ కంతులు కట్టడానికి ఊరికో రోజు ఉంటుంది. ఒక పల్లెలో మంగళవారం, ఇంకో పల్లెలో శుక్రవారం. ఆ రోజే మానేసే పిల్లలు కనిపిస్తారు. కంతు వసూలుకు వచ్చినప్పుడు గడపలో నిలబడి "మా అమ్మ ఇంట్లో లేదు" అని చెప్పడానికి ఒకరు కావాలి. లేదంటే పొద్దున్నే అత్త ఇంటికి, పెద్దమ్మ ఇంటికి పరుగెత్తి ఐదొందలు చేబదులు తేవడానికి ఒకరు కావాలి. ఆ ఒకరు ఇంట్లో చదువుకునే పిల్లే. ఆ పిల్లను బుధవారం లేపి "నిన్నెందుకు రాలేదు?" అని అందరి ముందు అడిగితే కడుపునొప్పి అంటుంది. ఇంకేమంటుంది?

రఫ్ నోటుబుక్కు చివరి పేజీలు కూడా చూస్తూ ఉండండి. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె పుస్తకం వెనక అట్ట లోపల పెన్సిల్‌తో రాసుకున్న లెక్క ఇలా ఉంది: పక్కింటామె 500, అంగడి 320, గ్రూపు 870, గ్యాసు. గ్యాసు ఎదురుగా అంకె లేదు. కింద గీత గీసి కూడింది, కొట్టేసింది, మళ్ళీ కూడింది. ఆ ఇంట్లో అక్షరం ముక్క వచ్చింది ఆ పిల్లకే. ఫోన్‌కు వచ్చే లోన్ మెసేజీలు చదివి వినిపించేదీ, పాస్‌బుక్కు చూసి చెప్పేదీ తనే. పదమూడేళ్ళ పిల్ల ఆ ఇంటికి గుమాస్తా. క్లాసులో పరధ్యానంగా ఉందని మనం చాక్‌పీసు విసురుతాం.

మిగతా గుర్తులు మీకే తెలుస్తాయి. మొదటి పీరియడ్‌లోనే నిద్ర, సోమవారం మధ్యాహ్న భోజనానికి అందరికంటే ముందు పళ్ళెం పట్టుకుని నిలబడటం, ఉన్నట్టుండి ఫ్రెండ్స్‌తో మాటలు మానేయడం. ఒక్క హెచ్చరిక. మార్కులు తగ్గిన ప్రతి పిల్లవాడి వెనకా అప్పుల కథ ఉంటుందని అనుకోకండి. కొందరికి కళ్ళజోడు కావాలి, కొందరికి లెక్కలంటే పడదు, అంతే.

ఎలా అడగాలి

స్టాఫ్ రూమ్‌లోకి పిలిచి అడగడమంత తప్పు పద్ధతి లేదు. అక్కడ ఐదుగురు పెద్దవాళ్ళు, టీ గ్లాసులు, కిటికీ బయట తోటి పిల్లలు. ఏదైనా పని చేయిస్తూ అడగండి. నోటుబుక్కులు వరసగా పేర్చమని, గ్రాఫ్ పేపర్లు లెక్కపెట్టమని చెప్పి పక్కన మీరూ అదే పని చేస్తూ ఉంటే, మొహం మొహం చూసుకునే ఇబ్బంది ఉండదు.

"ఇంట్లో ఏమైనా ప్రాబ్లమా?" అని అడిగితే వచ్చే జవాబు "ఏం లేదు మేడం". చిన్న చిన్నవి అడగండి. రాత్రి ఏం వండుకున్నారు? ఎవరు వండారు? ఎన్నింటికి పడుకున్నావు? నాన్న ఊళ్ళోనే ఉన్నాడా, పనికి పోయాడా? ఈ నాలుగింటిలోనే సగం సంగతి వచ్చేస్తుంది. రాకపోతే వదిలేయండి, వారం తర్వాత మళ్ళీ గ్రాఫ్ పేపర్లు లెక్కపెట్టే పని పడుతుంది.

"ఎవరికీ చెప్పను" అని మాత్రం ఒట్టు వేయకండి. నేను అనేది ఇది: "నువ్వు చెప్పింది క్లాసులో ఎవరికీ తెలియదు. నీ ఒంటికో ప్రాణానికో ముప్పు ఉన్న సంగతైతే మాత్రం నేను ఒకరికి చెప్పాల్సి వస్తుంది. చెప్పేముందు నీకు చెబుతాను." పిల్లలు దీన్ని బాగానే అర్థం చేసుకుంటారు. ఇంకో సంగతి, విన్నాక "అయ్యో పాపం" అనకండి. జాలి చూపులు వాళ్ళు చాలానే చూసి ఉంటారు. "సరే, రేపటికి మనం చేయగలిగింది ఏముంది?" అంటే తల ఎత్తుతారు.

బడిలో డబ్బు ఊసు ఎక్కడెక్కడ వస్తుందో వెతకండి

సర్కారు బడిలో ఫీజు లేదు, బ్యాగు, బూట్లు, నోటుబుక్కులు, యూనిఫాం గుడ్డ ప్రభుత్వమే ఇస్తోంది, ఇంకేం ఖర్చు అనుకుంటాం. ఒక ఏడాది జాగ్రత్తగా గమనించండి. యూనిఫాం కుట్టుకూలి. పదో తరగతి పరీక్ష ఫీజు 125 రూపాయలు, దానికి పాస్‌పోర్ట్ ఫోటోలు. టీచర్స్ డేకి తలా ఇరవై. ఫేర్‌వెల్‌కు తలా రెండొందలు. గ్రూప్ ఫోటో కాపీ. టూరు. పుట్టినరోజున రంగు బట్టలు, క్లాసంతా చాక్లెట్లు. ఒక్కొక్కటీ మనకు చిన్నదే. కానీ ప్రతిదానికీ క్లాసు లీడరు ఒక లిస్టు రాస్తాడు, ఇవ్వనివాళ్ళ పేర్లు బోర్డు మూలన ఉంటాయి. ఆ పేర్లు ఎప్పుడూ అవే.

మా క్లాసులో ఇవి మార్చాం. డబ్బు కట్టే పని ఏదైనా పిల్లలు ఒక్కొక్కరుగా ఇంటర్వెల్‌లో వచ్చి నాకే ఇస్తారు, లిస్టు నా డైరీలో ఉంటుంది, పేర్లు ఎక్కడా చదవం. పుట్టినరోజులు నెలకొకసారి అందరివీ కలిపి, చాక్లెట్లు లేకుండా, పాటతో. టీచర్స్ డే వసూళ్ళు లేవు, మాకు పెన్ను సెట్లు అక్కర్లేదు. ఫేర్‌వెల్‌కు పిల్లలు వండిన ఉగ్గాని, బజ్జీ చాలు. దీనికి కొందరు సహోద్యోగులు మొహం ముడుచుకున్నారు, ముడుచుకోనీ.

బీరువా అడుగు అరలో కొంత సామాను పెట్టండి. జామెట్రీ బాక్సులు, పెన్నులు, లాంగ్ నోటుబుక్కులు, శానిటరీ ప్యాడ్లు, రెండు మూడు సైజుల చెప్పులు. తీసుకున్నవాళ్ళు పేరు రాయనక్కర్లేదు, తిరిగి ఇవ్వనక్కర్లేదు. దొంగతనాలు జరుగుతాయని అందరూ భయపెడతారు. పెన్నులు కాస్త ఎక్కువ పోతాయి, నిజమే. దీనికి డబ్బు పూర్వ విద్యార్థులు ఇస్తారు, హెడ్‌మాస్టరుకు చెప్పి, లెక్క రాసి తీసుకోండి. ఒక్క షరతు పెట్టండి: ఫోటో ఉండదు. దాత చేతుల మీదుగా నోటుబుక్కు అందుకుంటున్న పిల్లవాడి ఫోటో ఊరి వాట్సాప్ గ్రూపులో తిరిగితే ఆ నోటుబుక్కు ఇవ్వకపోయినా బాగుండేది. "పిల్లలు దత్తత కావాలి, బయోడేటా పంపండి" అనే దాతలను నేను నమస్కారం పెట్టి పంపించేస్తాను. పిల్లల చేతికి నోట్లు కూడా ఇవ్వను. రేపు ఇంట్లోవాళ్ళే "మేడంను అడుగు పో" అని తోలుతారు, ఆ పిల్లకు ఇంకో గడప అవుతుంది నా క్లాసు.

ప్రైవేటు స్కూళ్ళలో పనిచేసే మిత్రులకు ఒక మాట. ఫీజు బాకీ తల్లిదండ్రులకూ మేనేజ్‌మెంటుకూ మధ్య విషయం. పిల్లను క్లాసు బయట నిలబెట్టడం, పేరు చదవడం, పరీక్ష రోజున వెనక్కి పంపడం విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ వద్దన్న మానసిక వేధింపు కిందకే వస్తుంది. లిస్టు చదవమని మీకు ఇస్తే, "నేను వాళ్ళ నాన్నకు ఫోన్ చేస్తాను సార్" అని తీసుకుని డైరీలో పెట్టేయండి. ఉద్యోగం పోకుండా చేయగలిగింది ఈ మాత్రం ఉంది.

ఒకే క్లాసులో అప్పు ఇచ్చిన ఇల్లు, తీసుకున్న ఇల్లు

పల్లెల్లో ఇది తప్పదు. వడ్డీకి ఇచ్చే ఆయన కొడుకు మూడో బెంచీ, తీసుకున్న ఆయన కొడుకు నాలుగో బెంచీ. కబడ్డీ ఆటలో అవుటా కాదా అనే తగాదా వస్తుంది, మాటా మాటా పెరిగి "మీ నాయన మా దుడ్లు ఎగ్గొట్టినాడు పో" అంటాడు. తర్వాత జరిగేది మనకు కొట్లాటగా కనిపిస్తుంది. ఎవరు ముందు కొట్టారు అని విచారణ పెడితే అప్పు తీసుకున్నవాడి కొడుకే దోషిగా తేలతాడు, ఎందుకంటే చెయ్యి ముందు లేచేది వాడిదే.

ఇద్దరినీ విడివిడిగా పిలవండి. అన్నవాడితో గట్టిగానే చెప్పండి: ఇంటి లెక్కలు బడి గేటు లోపలికి తేవద్దు, ఇది మళ్ళీ వినపడితే మీ నాన్నతో మాట్లాడతాను. వాడూ పిల్లవాడే, ఇంట్లో విన్నది అన్నాడు, కాబట్టి అవమానించవద్దు. కొట్టినవాడితో, కొట్టడం తప్పని చెబుతూనే, ఆ మాట అనడం కూడా తప్పని మీరు ఒప్పుకున్నట్టు వాడికి తెలియాలి. క్లాసు ముందు నిలబెట్టి చేతులు కలిపించే తంతు వద్దు. ఆ మాట వినని పిల్లలకు కూడా అప్పుడు తెలిసిపోతుంది.

లెక్కల క్లాసు ఇందుకు పనికొస్తుంది

ఏడు, ఎనిమిది తరగతుల్లో వడ్డీ లెక్కలు ఉంటాయి. రాము బ్యాంకులో 5,000 వేశాడు అనే లెక్కలతో పాటు ఊరి లెక్క కూడా చేయించండి. నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు మూడు శాతం, ఏడాదికి ముప్పై ఆరు. ఇరవై వేలు తీసుకుంటే నెలకు 600, ఏడాదికి 7,200, అసలు అలాగే ఉంటుంది. అదే బ్యాంకు బంగారం లోన్ అయితే ఎంత, పొదుపు సంఘం లోన్ అయితే ఎంత, మూడూ పక్కపక్కన వేయించండి. క్లాసులో ఎవరి ఇంటి అప్పూ ఉదాహరణగా తీసుకోకూడదు, మీ పేరు మీదే అప్పు వేసుకోండి. పిల్లలు నవ్వుతూ చేస్తారు. "లెక్కల మేడం ఇరవై వేలు అప్పు తెచ్చింది" అని మొదలుపెడితే వెనక బెంచీ కూడా లేస్తుంది.

ఇదే పీరియడ్‌లో ఇంకొక సంగతి చెప్పండి. రిజర్వ్ బ్యాంక్ మైక్రోఫైనాన్స్ (చిన్న అప్పుల) ఆదేశాల ప్రకారం వసూలు వాళ్ళు ఉదయం 9 లోపు, సాయంత్రం 6 తర్వాత ఫోన్లు చేయకూడదు, బెదిరించకూడదు, బూతులు తిట్టకూడదు, చుట్టాలను, పక్కింటివాళ్ళను వేధించకూడదు. ఊళ్ళో వడ్డీ వ్యాపారికి ఇది వర్తించదు, ఫైనాన్స్ కంపెనీల గ్రూపు లోన్లకు వర్తిస్తుంది. ఇంటికి గుమాస్తాగా ఉన్న పిల్లకు ఈ ఒక్క విషయం తెలిస్తే గడపలో నిలబడే తీరు మారుతుంది.

కాగితాల పని

టీచర్లు పెద్దగా ఇష్టపడని పని ఇదే, ఇంటికి నిజంగా డబ్బు తెచ్చేదీ ఇదే. ఎనిమిదో తరగతిలో ఉన్న ప్రతి పిల్లా ఎన్ఎంఎంఎస్ అనే కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ పరీక్ష రాయాలి. ఏడో తరగతిలో 55 శాతం మార్కులు, ఎస్సీ ఎస్టీలకు 50, తల్లిదండ్రుల ఏడాది ఆదాయం మూడున్నర లక్షల లోపు ఉండాలి. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏడాదికి 12,000, మొత్తం 48,000. ఆడపిల్లను తొమ్మిదితో మాన్పించాలనుకునే ఇంట్లో ఈ 12,000 మన ఉపన్యాసాలన్నిటికంటే బాగా పనిచేస్తుంది. ఏటా నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో రెన్యువల్ చేయించాలి, ఇది మీరే గుర్తుపెట్టుకోవాలి.

డబ్బు పడకపోవడానికి కారణాలు ఎప్పుడూ చిన్నవే. ఆధార్‌లో ఇంటిపేరు ఒకలా, బడి రికార్డులో ఇంకోలా. ఖాతా వాడక ఆగిపోయి ఉంటుంది, లేదా ఆధార్‌తో లింకు కాలేదు. జూన్‌లోనే క్లాసు మొత్తానిదీ ఒకసారి సరిచూసి, తేడాలున్నవాళ్ళను గ్రామ సచివాలయానికి పంపండి. ఆదాయం, కులం సర్టిఫికెట్లు కూడా అప్పుడే తీసిపెట్టుకుంటే సెప్టెంబరులో పరుగులుండవు. పిల్లల చదువుకని ప్రభుత్వం తల్లుల ఖాతాలో వేసే తల్లికి వందనం డబ్బులు పడే ముందు తల్లులతో ఒక మాట అనండి. ఆ డబ్బు సంగతి అప్పులవాళ్ళకూ తెలుసు, వారంలో గడప తొక్కుతారు. పరీక్ష ఫీజుకు, బస్సు చార్జీలకు ఒక వెయ్యి, రెండు వేలు ముందే పక్కన పెట్టమని చెబితే చాలామంది పెడతారు.

పదో తరగతి తర్వాత బెంగళూరు పనికి పోతానని అనేవాళ్ళకు జనవరిలోనే దారులు చెప్పండి. పాలిసెట్ రాసి పాలిటెక్నిక్, మార్కులు బాగా ఉంటే ట్రిపుల్ ఐటీ, సంక్షేమ హాస్టల్‌లో ఉండి ఇంటర్. ఫలితాలు వచ్చాక చెబితే అప్పటికే బస్సెక్కి ఉంటారు.

సుగ్గికి పోయే ఇళ్ళు

దసరా సెలవుల ముందే ఇంటికి వెళ్ళి మాట్లాడండి. సాయంత్రం పనినుంచి వచ్చి కాళ్ళు కడుక్కున్నాక వెళ్ళండి, చేతిలో రిజిస్టరు లేకుండా. మొదట పిల్లలో ఉన్న మంచి ఒకటి చెప్పండి, నిజమైనదే. తర్వాత, "అన్నా, ఎప్పుడు పోతాండారు? పాపను ఎవరి దగ్గర ఇడుస్తారు?" అని నేరుగా అడగవచ్చు. మా వైపు వలస వెళ్ళే కుటుంబాల పిల్లల కోసం సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టళ్ళు పెడతారు. ఎక్కడ తెరుస్తున్నారో మండల విద్యాశాఖ ఆఫీసులో ముందే కనుక్కుని వెళ్తే మీ మాటకు బరువుంటుంది. అవ్వ దగ్గర వదిలితే అవ్వకు ఫోన్ ఉందా, రేషన్ ఎవరు తెస్తారు అన్నవి కూడా అడగండి. ఆడపిల్లయితే కస్తూర్బా విద్యాలయంలో (ఆడపిల్లల సర్కారు హాస్టల్ బడి) సీటు ఉందేమో చూడండి.

వెంట తీసుకుపోతామని అంటే, పోయే ఊళ్ళో బడిలో చేర్చుకోవాల్సిందేనని చెప్పండి. ఎనిమిదో తరగతి దాకా టీసీ లేదనే కారణంతో చేర్చుకోకుండా ఉండకూడదని విద్యాహక్కు చట్టం చెబుతోంది. ఒక తెల్లకాగితం మీద తరగతి, వచ్చిన పాఠాలు, మీ నంబరు రాసి స్టాంపు వేసి ఇవ్వండి. ఉగాదికి తిరిగొచ్చాక "ఇప్పటికి గుర్తొచ్చిందా బడి?" అనే ఎకసెక్కెం వద్దు. ఆ ఒక్క మాటకు గేటు దగ్గరనుంచే వెనక్కి పోయినవాళ్ళు ఉన్నారు. పేరు రిజిస్టర్‌లోంచి తీసేయకుండా ఉంచండి, పాత చోటే కూర్చోబెట్టండి, తప్పిపోయిన పాఠాల్లో పరీక్షకు అవసరమైనవి మాత్రం ఏరి చెప్పండి.

ఇంట్లో కొట్లాటలు

డబ్బు గొడవలు రాత్రి పూట అరుపులవుతాయి, తాగిన ఇంట్లో దెబ్బలవుతాయి. పుస్తకాలు చింపే నాన్నలు ఉన్నారు. అలాంటి పిల్లల పుస్తకాలు బడిలోనే ఉంచుకోమనండి, అదే బీరువాలో. గొడవ మొదలైతే ఎవరింటికి వెళ్ళాలో పిల్లతోనే ముందుగా అనుకోండి: అవ్వ, పక్కింటి పిన్ని, ఎవరైనా ఒకరు. మధ్యలోకి వెళ్ళి ఆపే పని నీది కాదు అని స్పష్టంగా చెప్పాలి. పెద్ద పిల్లలు, ముఖ్యంగా అమ్మాయిలు, అమ్మను కాపాడటం తమ డ్యూటీ అనుకుంటారు. "నా ఫీజు వల్లే వీళ్ళు కొట్లాడుకుంటున్నారు" అనుకునేవాళ్ళకు కాదని ఒకసారి చెబితే సరిపోదు.

పిల్లకు దెబ్బలు తగులుతుంటే, పెళ్ళి మాటలు నడుస్తుంటే 1098 చైల్డ్ హెల్ప్‌లైన్. తల్లికి ప్రమాదముంటే 181, అత్యవసరమైతే 112. లైంగిక వేధింపు అని తెలిస్తే పోలీసులకు చెప్పడం పోక్సో చట్టం ప్రకారం మన బాధ్యత, హెడ్‌మాస్టరు ఆలోచిద్దాం అన్నా ఆగడానికి లేదు.

చివరిగా, ఒక రకం మాటను ఎప్పుడూ తేలిగ్గా తీసుకోకండి. "నేను లేకుంటే ఇంట్లో ఖర్చు తగ్గుతుంది మేడం." అప్పుల ఇళ్ళలో పిల్లలు దీన్ని లెక్కలా, మామూలు గొంతుతో అంటారు. పరీక్ష టెన్షన్‌లే అని వదిలేయవద్దు. చచ్చిపోవాలని అనిపిస్తోందా అని నేరుగా అడగండి, అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. ఆ పూట ఒంటరిగా వదలకండి, హెడ్‌మాస్టరుకు, ఇంట్లో నమ్మదగిన పెద్దవాళ్ళకు చెప్పండి, పొలానికి కొట్టే పురుగుమందు డబ్బాలు ఎక్కడ పెడతారో అడిగి తీసేయించండి. మానసిక ఇబ్బందులకు ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలిమానస్, నంబరు 14416, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని మీ ఫోన్ నుంచే చేయండి. మర్నాడు పొద్దున హాజరు వేసేటప్పుడు ఆ పేరు దగ్గర తల ఎత్తి చూడండి. రాకపోతే రెండో పీరియడ్ దాకా ఆగకుండా ఎవరినైనా ఇంటికి పంపండి.